తోకముక్క

పొద్దున ఆట వదిలేసరికి మధ్యాన్నం రెండున్నర.
ఆదోనిలో ఆ పొద్దుకు ఎండ ఎట్లుంటాదంటే
బండి సీటు మీద పెట్టిన చెయ్యి ఉలిక్కిపడతాది.
స్టాండు గొలుసు తీసి నిలబడినా.
సినిమా నేను చూడను. నాకు చూసే పని లేదు,
జనం టోకెన్ ఎట్లిస్తారో చూస్తే చాలు.

రెక్కల మనిషి తొలిసారి వచ్చిన ఏడు
టోకెన్లు ఎవురూ ఇయ్యలేదు, విసిరినారు.
చేతులు రెండూ చాపి, హ్యాండిలొదిలేసి
మార్కెట్ యార్డు దాకా ఎగురుకుంటా పోయినారు పిల్లోళ్ళు.
ఒకడు పత్తి బోరేల మీద పడినాడు, పన్ను పోయింది,
నవ్వుతానే లేచినాడు.
ఆ పొద్దు నా స్టాండులో మిగిలిన చెప్పులు పదకొండు,
అన్నీ ఎడమకాలివే.
ఎందుకో ఇప్పటికీ తెల్దు.

ఇప్పుడు ఐదో భాగం.
గేటు తీస్తే, తలకాయలు ఫోన్లలోకి వంచుకొని
వరసగా వస్తాండారు, రేషను షాపు కాన్నించి వచ్చినట్టు.
"ఎట్లుందబ్బా?" అంటే
"ఉంది లేన్నా" అన్నాడు జిన్నింగు మిల్లు గుమాస్తా కొడుకు.
ఉంది లే.
పెండ్లిచూపులకు పోయొచ్చినోడు ఆ మాటంటే
ఇంక ఆ సంబంధం కుదరదని అర్థం.

ఇంకొకడు చెప్తాడు,
మధ్యలో ఒక నీలిరంగోడు వస్తాడంట,
వాడెవుడో తెలియాలంటే
ఇంట్లో తొమ్మిది ఎపిసోడ్ల సీరియల్ చూసుండాలంట,
ఆ సీరియల్లో ముసిల్ది ఎవురో తెలియాలంటే ఇంకొకటి.
సినిమాకొచ్చినామా, పరీక్షకొచ్చినామా అని
వాని పెండ్లాం పిల్లోని మూతి తుడుస్తా అనింది,
నాలుగు వారాలాగింటే ఇంటికే వచ్చేది గదా,
ఎర్రగడ్డలు కోసుకుంటా చూసేవోళ్ళం.

హమాలీ ఉరుకుందు మాత్రం టోకెన్ ఇచ్చి పోలేదు.
నా బల్ల మీద కూకున్నాడు.
మూడో భాగంలో రెక్కలాయన చచ్చిపోతే
ఈడు ఆ రాత్రి కూడు తిన్లేదు.
మూట కిందేసి, గోడౌన్ గోడకానుకొని ఏడ్సినాడు.
సొంత నాయన పోయినప్పుడు గూడా అట్ల ఏడ్వలేదని
వాళ్ళమ్మ వచ్చి నాతో చెప్పుకునింది.
నాలుగోదాంట్లో ఆయన లేచొచ్చె.
ఏందంటే, అది ఇంకో లోకంలో ఆయనంట.
ఐదోదాంట్లో ముగ్గురున్నారు.
"కాజన్నా," అన్నాడు, కండువాతో మెడ తుడుచుకుంటా,
"టికెట్టు దుడ్లు పోతే పాయె.
ఆ పొద్దు ఏడ్సిన ఏడుపు ఎవురు వాపసిస్తారు?"
నేనేం చెప్పేది.
పొద్దున తీసుకున్న పది రూపాయలు
వాని జేబులో పెట్టినా, అంతే.

లోపల ఇంకా పేర్లు పడతాండాయి.
ఖాళీ హాల్లో మాబున్ని చీపురు పట్టుకొని
వరసల నడుమ నిలబడుకోని ఉంటాది.
పేర్లన్నీ పడినాక చివర్న వచ్చే తోకముక్క
ఊర్లో ఎవురు చూడకున్నా ఆమె చూస్తాది.
అసలు సినిమా ఒక్కటి గూడా చూళ్ళేదు,
ఊడ్సే పొద్దు అదే కాబట్టి
పదేండ్లుగా తోకలన్నీ చూసింది.
చీకట్లో ఎవుడో కండ్లు తెరుస్తాడు.
ఎవురిదో చెయ్యి బూడిదలోంచి ఉంగరం ఏరుకుంటాది.
తలుపు తట్టినట్టు సప్పుడు.
అంతే, నలుపు.

పాప్‌కార్న్ చెత్త గంప బయట దించినాక
"ఈసారి ఏమొచ్చె మాబున్నీ?" అంటే
చెంగు నోటికడ్డం పెట్టుకొని నవ్వె.
"ఎప్పుడు చూసినా వస్తాండామనే చెప్తారన్నా.
వచ్చినోన్ని మాత్రం నేనింతవరకూ చూళ్ళేదు."

మ్యాట్నీకి బండ్లు తొమ్మిది వచ్చినాయి.
తొమ్మిదోవాడు హెల్మెట్ తీసి అడుగుతాండాడు,
"అన్నా, ముందు భాగాలు చూడకున్నా అర్థమైతాదా?"
టోకెన్ వాని చేతిలో పెట్టి
గంప ఎత్తుకుంటాన్న మాబున్ని దిక్కు చూపించినా.